కాశికి ఎంతదూరము?



“కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానము” అని మన పెద్దలు చెప్పుచుండిరి. ఇది వట్టి నానుడి కాదు. యాత్రకు వెడలు వృద్ధుడు ఆస్తి పంపకములు ముగించి, బంధువులయొద్ద కడపటి సెలవు పుచ్చుకొని పొలిమేర దాటుచుండెను. ఆ భయమునకు మూలము దూరమా, కాలమా యని విచారింతము.

మొదట దూరము. కాశి మనకు ఇంచుమించు నేరుగా ఉత్తరమున నున్నది. గన్నవరపు విమానాశ్రయము పదునారున్నర అంశల అక్షాంశమునను, కాశి దగ్గరి బాబత్‌పురపు విమానాశ్రయము ఇరువదియైదున్నర అంశల చెంతను కలవు. భేదము 9 అంశలు. అంశ ఒక్కింటికి 111 కిలోమీటర్లు. కాశి కొంచెము తూర్పునకు ఒరిగియుండుటచే ఆ కొంత చేర్పగా, ఆకాశమార్గము సుమారు 1,015 కిలోమీటర్లగును. ఆమడకు ఎనిమిది మైళ్ల చొప్పున ఇంచుమించు 80 ఆమడలు.

దినమునకు రెండామడలు నడచువానికి ఇది 40 దినముల పయనము. కాని నేలమీది బాట గీత గీచినట్లు పోదు. గోదావరి, నర్మదలు దాటవలెను, వింధ్యారణ్యములు చుట్టిపోవలెను, వానకాలమున వరద తీయువరకు రేవున పడియుండవలెను. జ్వరములు, దొంగలు సరేసరి.

చెన్నపట్నపు సుప్రీముకోర్టున దుబాసియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న పరివారసమేతముగా పల్లకీలో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. పోవునప్పుడు హైదరాబాదు, నాగపురముల మీదుగాను, వచ్చునప్పుడు గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగాను నడచిన ఆ యాత్రకు పదునైదు మాసములకు పైగా పట్టెను. ధనమును పరిజనమును గలవారికే ఇట్లుండగా, మూట నెత్తిన బెట్టుకొని నడచిన పేదల గతి యేమని చెప్పుదును!

1893లో బెజవాడవద్ద కృష్ణమీద రైలువంతెన పడెను. తరువాత పట్టాలు క్రమముగా కలిసికొనగా మాసములు దినములైనవి. నేటికిని నాగపురము మీది రైలుమార్గము ఆకాశమార్గమునకు ఒకటిన్నర రెట్లు మించును. ఒక పగలు, ఒక రాత్రి చాలవు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమునకై ఏర్పడిన గన్నవరపు విమానరంగమునుండి నేడు ప్రజలే యెగురుచున్నారు. గంటకు ఏడెనిమిదివందల కిలోమీటర్లు పోవు విమానము నేరుగా సాగినచో రెండుగంటలలోపున కాశి చేరును. హైదరాబాదునందో మరియొకచోటనో మారవలసివచ్చినచో పూట పట్టును.

అయినను పెద్దలు ఈ రెండుగంటలనే నమ్ముకొనరాదు. ఇంటిగడప మొదలు లెక్కింపవలెను. ఆటోనగరు చెంత బండ్ల రద్దీ దాటి గన్నవరము చేరుటకు కొంత, ఎగురుటకు రెండుగంటలు ముందుగా నుండవలసిన నిరీక్షణ కొంత, బాబత్‌పురమునుండి గంగయొడ్డునకు ఇరువది కిలోమీటర్లకు పైబడిన బాట కొంత. అన్నియు కూడగా దినములో అధికభాగము గడచును.

వీరాస్వామయ్యగారు మజిలీమజిలీకిని దూరమును, నీటివసతిని, అంగళ్లను వ్రాసియుంచుటచే ఆనాటి దేశస్థితి మనకు తెలిసినది. మేఘములపై పోవువానికి ఆ యూళ్లు కనబడవు. ఇది నష్టమే. కాని మోకాళ్లు పట్టువదలిన ముదుసలి సైతము గంగలో మునిగి, ఆ వారములోనే మనుమలకు విభూతి తెచ్చి యీయగలుగుట అల్పలాభము కాదు. 80 ఆమడలు నాడెట్లుండెనో నేడును అట్లే యున్నవి. మనుష్యుని భయపెట్టినది దూరము కాదు, ఆ దూరము మ్రింగిన కాలమే.