నెట్‌వర్క్ ఫోల్డర్ జాబితా జాప్యం
వేరే కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీదుగా తెరిస్తే ఫైళ్ల జాబితా ఆలస్యంగా రావడం. అందరూ లైన్ స్పీడును తిట్టుకుంటారు గానీ, చిక్కంతా రానుపోను ప్రశ్నల సంఖ్యలో ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో రూపొందించిన ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) తొలి రోజుల్లో జాబితా అడిగితే సైజు, తేదీ వచ్చేవి కావు. వాటికి ఒక్కో ఫైలునూ విడిగా అడగాలి. బ్రహ్మంగారిమఠంలో కూర్చుని హైదరాబాదు సర్వర్‌లో 5,000 ఫైళ్ల ఫోల్డర్ తెరిచారనుకుందాం: ఒక్కో ప్రశ్నకు 20 మిల్లీసెకన్లే పట్టినా, వరసగా అడిగితే 100 సెకన్లు. 1995 నాటి ఎన్ఎఫ్ఎస్ మూడో వెర్షన్‌లోని రీడ్‌డిర్‌ప్లస్ అనే ఆదేశం జాబితానూ ఈ వివరాలనూ కలిపి తెస్తుంది. విండోస్ వాడే ఎస్ఎంబీలోనూ అంతే. అయినా ఎక్స్‌ప్లోరర్ ఫొటోల చిన్న బొమ్మలు చూపడానికి ఒక్కో ఫైలునూ తెరిచి కూర్చుంటుంది. లినక్స్ సర్వర్‌పై ఎస్ఎంబీని నడిపే సాంబాది మరో తంటా. ఇంగ్లిషు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా విండోస్‌కు పట్టదు, లినక్స్‌కు పడుతుంది. అందుకే ఒక పేరు లేదని తేల్చడానికే ఫోల్డరంతా వెతకాల్సి వస్తుంది.