మహాచైత్యం చుట్టూ నడిచినవాళ్ళు

మన కళాచరిత్ర గ్రంథాలు చాలావరకు అమరావతి మహాచైత్యాన్ని ప్రస్తావించినప్పుడు శిల్పాల దగ్గర మొదలై శిల్పాల దగ్గరే ఆగిపోతాయి. భంగిమలు, అలంకరణలు, శైలీ పరిణామం - అన్నీ ఉంటాయి. వాటి ఎదుట నడిచిన మనిషి మాత్రం ఉండడు. ఇది చిన్న లోపం కాదు. స్తూపమంటే లోపలికి వెళ్ళే కట్టడం కాదు. దానికి మండపం లేదు, గర్భగుడి లేదు. చుట్టూ తిరిగే మనిషి లేకపోతే అది పెద్ద దిబ్బే.

క్రీస్తు పూర్వపు శతాబ్దాలలో మొదలై, శాతవాహనుల కాలంలో విస్తరించిన ఈ చైత్యపు అండం కింది వేదిక వ్యాసం సుమారు 49 మీటర్లు. దాని చుట్టూ నాలుగు మీటర్ల వెడల్పున ప్రదక్షిణ పథం, ఆ పథానికి వెలుపల మనిషిని మించిన ఎత్తున రాతి ప్రాకారం. ద్వారం దాటి లోపలికి అడుగుపెట్టినవాడికి ఊరు కనుమరుగవుతుంది. కుడివైపు చైత్యం, ఎడమవైపు ప్రాకారం. ప్రాకారపు లోపలి ముఖంమీదనే జాతక కథలు, బుద్ధుని జీవిత ఘట్టాలు చెక్కారు. ఒకచోట నిలబడి చూస్తే రెండు మూడు స్తంభాలకంటే కనిపించవు. తక్కిన కథ కావాలంటే కాళ్ళు కదలాలి.

నలగిరి ఏనుగు ఫలకమే చూడండి. మదించి వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వచ్చే ఏనుగూ, బుద్ధుని ముందు మోకరిల్లిన ఏనుగూ ఒకే వృత్తంలో ఉన్నాయి. జనం చెల్లాచెదురవుతున్నారు, మేడల కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. ఆ ఇరుకుదారిలో నలుగురితో పాటు నడుస్తూ దాన్ని చూసినవాడు, తానూ ఆ వీధిజనంలో ఒకడినని అనుకోకుండా ఉంటాడా?

ఇంతకూ నడిచిందెవరు? శాసనాలు కొంత చెబుతాయి. దాతల్లో గృహస్థులు, వర్తకులు, భిక్షువులతో పాటు భిక్షుణులు, సామాన్య స్త్రీలు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, సోదరులతో, పిల్లలతో కలిసి పూర్ణఘట ఫలకం ఇచ్చాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని కూడా రాయించుకున్నాడు. ఇదే ప్రాంతం, నాటి మద్రాసు రాష్ట్రపు గుంటూరు జిల్లాలో భాగంగా, దళితుణ్ణి గుడిలోకి అనుమతించడానికి 1947లో చట్టం కోసం చూడవలసి వచ్చింది! అలాగని ఆనాడు సమానత్వం వెల్లివిరిసిందని నేననను. డబ్బిచ్చినవాడి పేరు రాతిమీద నిలిచింది. పల్నాటి సున్నపురాయిని తొలిచి, మోసి, చెక్కిన వేల చేతుల పేర్లు నిలవలేదు. అయినా చర్మకారుని కుటుంబం తానిచ్చిన రాయి ముందునుంచి నడిచి వెళ్ళగలిగిన దారి అది. కట్టడపు చరిత్రలో ఈ సంగతికి శైలీ పరిణామంపాటి విలువైనా ఇవ్వవద్దా?

ఆ దారిని చెరిపినవాళ్ళు ఒకరు కారు. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టుకుంటున్నప్పుడు, ఊరివాళ్ళు దీపాలదిన్నె అని పిలిచే ఈ దిబ్బ ఇటుకలకూ రాళ్ళకూ గని అయింది. 1797లో మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత మళ్ళీ వచ్చి కొలతలూ చిత్రాలూ వేయించాడు. 1845లో ఎలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు, అక్కడినుంచి 1859లో లండనుకు వెళ్ళాయి. జమీందారు రాయిని రాయిగా వాడుకున్నాడు, దొర దాన్ని కళాఖండం చేశాడు. రెండుచోట్లా నడక పోయింది. గుండ్రంగా తిరుగుతూ చదవవలసినవాటిని ఈనాడు లండన్‌లో, చెన్నైలో ఎదురుగా నిలబడి చూస్తున్నాం. ముట్టుకోవడానికి ఎలాగూ వీల్లేదు.

ప్రత్తిపాడు నుంచి మా పిల్లల్ని ఒకసారి గుంటూరు మీదుగా అమరావతి తీసుకువెళ్ళాను. మిరపకోతల రోజులు కావడంతో సగంమందే వచ్చారు. మ్యూజియంలో పది నిమిషాలకే విసుగుపడ్డారు. స్తూపస్థలానికి వెళ్ళాక, మిగిలిన ఆ ఇటుక వలయం చుట్టూ ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెట్టమన్నాను. రెండువందల అరవై అన్నాడొకడు. కాదు, మూడువందల పై చిలుకే అంది ఇంకో పిల్ల. కాసేపు వాదులాడుకుని, ఇద్దరూ తూర్పువైపునుంచి మళ్ళీ మొదలుపెట్టారు.