నీరటి, తూము, నెట్‌వర్కు

నల్లగొండ పక్కనున్న పానగల్లులో ఉదయసముద్రం కట్టమీద నిలబడినప్పుడల్లా నాకు మా ఊరి నీరటి గుర్తుకు వస్తాడు. కందూరు చోడుల కాలంనాటి ఆ చెరువులోకి ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి గాని, నా చిన్ననాట మా ఊరి చెరువుకు వానే దిక్కు. ఏ తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో నీరటికి తెలుసు. తూముకు మాత్రం బుద్ధి లేదు. ఎత్తితే పారుతుంది, దించితే ఆగుతుంది.

మిత్రులారా, తెలుగు పండితునికి కంప్యూటర్ల గొడవ ఎందుకని నవ్వకండి. మా పెద్దమ్మాయి కొడుకు ఇంజనీరింగు ఆఖరి ఏడాదిలో సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్ మీద ప్రాజెక్టు చేస్తానని పట్టుబట్టాడు. కాలేజీవారు స్విచ్చుల గది తాళం తీయమన్నారు. "నువ్వు ఒక్క వైరు కదిపితే పరీక్షల విభాగం ఆగిపోతుంది" అన్నారట. వాడు అలిగి ఇంటికి వచ్చాడు. విచారించగా తెలిసినదేమంటే, వాడు చదవదలచిన విద్య పుట్టిందే అటువంటి తాళం వల్ల!

పాత పద్ధతిలో ప్రతి రౌటరూ తన బుద్ధి తనలోనే దాచుకున్న యంత్రం. ఇరుగుపొరుగు రౌటర్లతో కబుర్లాడి, ఏ ప్యాకెట్టును ఏ దారిన పంపాలో తానే తేల్చుకుంటుంది. ప్రతి తూముకూ ఒక నీరటి కాపురమున్నట్లన్నమాట. ఇందులో మేలూ ఉంది: ఒక దారి తెగితే మిగిలినవి చుట్టుదారి వెతుక్కుంటాయి. చిక్కల్లా ఆ బుద్ధి తయారీదారు పెట్టెలో మూసి ఉండడమే. విశ్వవిద్యాలయంలో ఎవరికైనా కొత్త ఊహ తోస్తే పరీక్షించే చోటు లేదు. చిన్న ప్రయోగశాలలో చేస్తే నిజమైన రద్దీ ఉండదు. ప్రాంగణంలో చేస్తే వేలమంది పని చెడుతుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2007లో మార్టిన్ కసాడో, నిక్ మెకియోన్ ప్రభృతులు ఈథేన్ అనే ప్రయోగం చేశారు. 19 స్విచ్చులు, 300కు పైగా కంప్యూటర్లు, నిజంగా వాడుకుంటున్న మనుషులు. ఎవరు ఎవరితో మాట్లాడవచ్చునో ఒకేచోట ఉన్న నియంత్రకం చెబుతుంది. స్విచ్చులు ఆ మాట పాటిస్తాయి. మరుసటి ఏడు, 2008 ఏప్రిల్‌లో, మెకియోన్, హరి బాలకృష్ణన్, జెనిఫర్ రెక్స్‌ఫర్డ్, స్కాట్ షెంకర్ మొదలైన ఎనిమిదిమంది ఓపెన్‌ఫ్లో పత్రం ప్రకటించారు. ప్రాంగణ జాలాలలో కొత్త ప్రయోగాలకు వీలు కల్పించడమే దాని లక్ష్యమని శీర్షికలోనే చెప్పుకున్నారు.

వారి యుక్తి నాకు ముచ్చటగా తోచింది. పెట్టె రహస్యాలన్నీ విప్పమని తయారీదారును అడిగితే ఒప్పుకోడు. కాని చాలా స్విచ్చులలో ప్రవాహాల పట్టిక ఒకటి అప్పటికే ఉంది. దాన్ని బయటినుంచి రాసే వీలు మాత్రం ఇవ్వమన్నారు. ఫలానా గుర్తులున్న ప్యాకెట్టు వస్తే ఫలానా దారికి పంపు, ఎన్ని పోయాయో లెక్కపెట్టు. పట్టికలో లేనిది వస్తే నియంత్రకాన్ని అడుగు. పరిశోధకుని ప్యాకెట్లు ఒక కాలువ, పరీక్షల విభాగం ప్యాకెట్లు మరో కాలువ. ఒకే స్విచ్చు, రెండు పారకాలు. 2010 నాటి ఫ్లోవైజర్ పత్రం ఇంకా ముందుకు వెళ్లి, వాడుకలో ఉన్న జాలమే ప్రయోగశాల కాకూడదా అని సూటిగా అడిగింది.

అన్నట్టు, సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ అన్న పేరు పెట్టినది ఈ శాస్త్రజ్ఞులు కారు. 2009లో ఒక పత్రికా రచయిత్రి తన వ్యాసంలో వాడగా నిలిచిపోయింది. మనం దీనిని సాఫ్ట్‌వేర్ నిర్దేశిత జాలం అనవచ్చునేమో! నాకైతే 'నీరటి జాలం' అనాలని ఉంది గాని, మనవడు ఒప్పుకోవడం లేదు.

ఇక ఆ తాళం మాట. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లోను, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లోను పుట్టాయి. అంటే ఈథేన్‌కు, ఓపెన్‌ఫ్లోకు సరిగ్గా ఈడువి. 2010లో కేంద్రం మంజూరు చేసిన జాతీయ విజ్ఞాన జాలం విశ్వవిద్యాలయాలను వేగమైన తీగలతో కలపడానికి పూనుకుంది. తీగ వచ్చినంత మాత్రాన సరిపోదని నా అభిప్రాయం. ఆ తీగ మీద చెయ్యి వేసే చనువు విద్యార్థికి ఇవ్వాలి. పదిమంది పిల్లలకు ఒక పిల్లకాలువ విడదీసి ఇస్తే ప్రాంగణమేమీ మునిగిపోదు. అలా విడదీయడానికే గదా వాళ్లు ఇంత శ్రమపడినది!

మావాడు ఆగలేదు. మినినెట్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. అదీ స్టాన్‌ఫర్డ్‌వారి పనే, 2010లో పత్రం వెలువడింది. ఒక్క లాప్‌టాప్‌లో పదుల కొద్దీ స్విచ్చులను, కంప్యూటర్లను సృష్టిస్తుంది. మా ఇంటి వసారాలో కూర్చుని వాడు ఇరవై స్విచ్చుల ఊరొకటి కట్టాడు. చూస్తూ చూస్తూ నేనడిగాను: "ఒరే, మరి నీ నీరటికి జ్వరమొస్తే?"

"అందుకే పెద్ద జాలాల్లో ఇద్దరు ముగ్గురు నీరట్లను పెడతారు తాతయ్యా" అన్నాడు. కాసేపటికి నియంత్రకాన్ని తానే ఆపి చూపించాడు. పట్టికలో రాసి ఉన్న ప్రవాహాలు పారుతూనే ఉన్నాయి. కొత్తగా వచ్చిన ప్యాకెట్టు మాత్రం ఎటు పోవాలో తెలియక తూము దగ్గరే ఆగిపోయింది.