చోరీ కారు ఎవరి సొత్తు? చెన్నైలో దిగుమతి విలాస కార్ల యాజమాన్య చిక్కులు

లండన్‌లో చోరీ అయిన కారు చెన్నైలో మరొకరి పేరిట రిజిస్టరై తిరుగుతోందనుకుందాం. అది మాదంటూ వచ్చేవారు నలుగురు తేలతారు: అసలు యజమాని, అతనికి పరిహారం చెల్లించిన బీమా కంపెనీ, ఇక్కడ డబ్బు పోసి కొన్నవాడు, జప్తుకు దిగే కస్టమ్స్ శాఖ. కానీ చెన్నైలో బాగా పేరుకెక్కిన రెండు దిగుమతి కార్ల కేసుల్లోనూ అసలు తగాదా సుంకం గురించే. కారు ఎవరిదన్న ప్రశ్న వెనకే ఉండిపోయింది. సుంకం ఫైలు యాజమాన్య ప్రశ్నను మింగెయ్యడానికి చట్టంలో ఆధారం లేదన్నది నా వాదన.

మొదటిది 1994లో బ్రిటన్ నుంచి వచ్చిన లెక్సస్ కేసు. కొత్త కారునే 1993 నాటి వాడిన కారుగా కాగితాల్లో చూపి కోటి రూపాయలకు పైగా సుంకం ఎగ్గొట్టారన్నది అభియోగం. శశికళ భర్త ఎం. నటరాజన్‌కూ మరికొందరికీ సీబీఐ కోర్టు 2010లో రెండేళ్ల శిక్ష వేసింది. 2017 నవంబరులో మద్రాసు హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. రెండోది 2013 మార్చి 21 నాటి హమ్మర్ సోదా. డీఎంకే యూపీఏకు మద్దతు ఉపసంహరించిన రెండు రోజులకే సీబీఐ డీఎంకే నేత స్టాలిన్ ఇంటికి వెళ్లడంతో కారు కన్నా రాజకీయమే ఎక్కువ చర్చకొచ్చింది. ఈ రెండూ చోరీ కేసులు కావు. అయినా కాగితాల్లో మోడల్ సంవత్సరాన్ని మార్చగలిగినవాడికి చోరీని దాచడం పెద్ద పనేం కాదు.

చోరీ సొత్తు విషయంలో 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 27వ సెక్షన్ కరాఖండిగా ఉంది. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. ఎంత మంచి నమ్మకంతో కొన్నా, ఎంత పూర్తి ధర ఇచ్చినా అంతే. కారు దొంగతనంగా కాక మోసంతో చేతులు మారితే మాత్రం లెక్క వేరు. చెల్లని చెక్కు ఇచ్చి కారు తీసుకెళ్లినవాడికి రద్దు కాగల హక్కు ఒకటి పుడుతుంది. యజమాని దాన్ని రద్దు చేసేలోగా మూడోవాడు తెలియక కొంటే 29వ సెక్షన్ అతన్ని కాపాడుతుంది. ఇంగ్లండులో 1960లో జాగ్వార్ కారు పోగొట్టుకున్న కాల్డ్‌వెల్, చెక్కు చెల్లలేదని తెలిసిన వెంటనే పోలీసులకూ ఆటోమొబైల్ అసోసియేషన్‌కూ చెప్పాడు. మోసగాడి జాడ తెలియకపోయినా ఆ ఫిర్యాదుతోనే ఒప్పందం రద్దయినట్టేనని అప్పీలు కోర్టు తేల్చింది. విలాస కార్లు తాళం పగిలి పోవడమే కాదు, సంతకం పెట్టించుకుని కూడా పోతాయి. కాబట్టి చెన్నై కోర్టు ముందుగా తేల్చవలసింది ఇది చోరీయా, మోసమా అన్నది.

తర్వాతి మెలిక దేశాల సరిహద్దులది. 1980 నాటి వింక్‌వర్త్ – క్రిస్టీ కేసులో ఇంగ్లండులో చోరీ అయిన కళాఖండాలు ఇటలీలో అమ్ముడై, మళ్లీ లండన్ వేలానికి వచ్చాయి. అమ్మకం జరిగినప్పుడు వస్తువు ఏ గడ్డ మీద ఉందో ఆ చట్టమే హక్కును తేలుస్తుందని కోర్టు అంది. ఈ సూత్రం ప్రకారం కారు నేరుగా చెన్నైకి వచ్చి ఇక్కడే అమ్ముడైతే మన 27వ సెక్షన్ చాలు. దారిలో మరో దేశంలో అమ్ముడైతే ఆ దేశపు చట్టాన్ని సాక్ష్యంతో నిరూపించాలి. క్రిమినల్ బాధ్యతకు మాత్రం ఈ బాధ లేదు. దొంగతనం దేశం బయట జరిగినా అది చోరీ సొత్తేనని పాత శిక్షాస్మృతి 410వ సెక్షన్ చెప్పింది. భారతీయ న్యాయ సంహిత 317 అదే చెబుతోంది.

ఇక ఆర్సీ, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఆర్సీలో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ – విజయ్ కుమార్ కేసులో అన్నది ప్రమాద పరిహారం ఎవరు కట్టాలన్న సందర్భంలో. దాన్ని పట్టుకుని చోరీ కారుకు ఆర్సీ హక్కు ఇస్తుందనడం ఆ తీర్పును సాగదీయడమే. ఛాసిస్ నంబరు మీద పలచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర, ఆ లోహం మీద ఆ అంకెలు ఉన్నాయని మాత్రమే చెబుతుంది. పాత అంకెలను అరగదీసి కొత్తవి కొట్టినా, అడుగున నొక్కుకుపోయిన లోహం యాసిడ్ పరీక్షలో తరచూ బయటపడుతుంది. 2022లో లండన్‌లో పోయిన బెంట్లీ ముల్సాన్ కరాచీలో దొరికింది. సింధ్ రిజిస్ట్రేషన్ ఉన్నా ఛాసిస్ నంబరు పట్టిచ్చింది. మన దగ్గర మరో ఆనవాలు కూడా ఉంది: వాడిన విదేశీ కారు ముంబయి రేవు నుంచే రావాలన్నది విదేశీ వాణిజ్య నియమం. ముంబయి కాగితం లేని వాడిన కారు చెన్నైలో కనిపిస్తే అనుమానానికి అదే చాలు.

అసలు ఇబ్బంది కస్టమ్స్ చట్టంతో. 111వ సెక్షన్ కింద జప్తయిన వస్తువు 126వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడుతుంది. అయితే 124, జప్తుకు ముందు 'యజమాని'కి నోటీసు ఇవ్వమంటోంది. 125 ఇంకా స్పష్టం: జరిమానా కట్టి విడిపించుకునే అవకాశం యజమానికే, అతనెవరో తెలియకపోతేనే వస్తువు ఎవరి దగ్గర దొరికిందో వారికి. ఛాసిస్ నంబరు విదేశీ చోరీ జాబితాతో కలిశాక యజమాని తెలియదనడం కుదరదు. నోటీసు ఆ యజమానికో, బీమా కంపెనీకో వెళ్లాలి. అలా వెళ్లనప్పుడు 126 వారి హక్కును తుడిచేస్తుందని చదవడం తప్పు. 2024లో పోర్షే కారెరా కేసులో సుప్రీంకోర్టు తర్వాతి కొనుగోలుదారును దిగుమతిదారుగా లెక్కగట్టి సుంకం అడగడం చెల్లదంది. ఇద్దరినీ వేరుచేసి చూసే ఈ పద్ధతే యాజమాన్యానికీ వర్తించాలి.

వ్యాజ్యం నడిచేలోగా కారు గతేమిటి? ఠాణా ఆవరణలో వాహనాలు తుప్పు పట్టకూడదని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ తీర్పు చెప్పింది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497 ఫొటోలు, వీడియో తీయించి, ఆ జాబితా సిద్ధమైన 30 రోజుల్లో ఉత్తర్వు ఇమ్మంటోంది. కానీ మెజిస్ట్రేటు ఇచ్చేది తాత్కాలిక స్వాధీనమే. బాండు రాసి కారు తెచ్చుకున్నవాడు కేసు గెలిచానని మురిసిపోతే సివిల్ కోర్టులో దెబ్బతింటాడు.

చివరికి ఇక్కడ కొన్నవాడికి మిగిలేది అమ్మినవాడి మీద దావా. రోలండ్ – డివాల్ కేసులో (1923) చోరీ కారు కొన్న డీలరుకు, అది నెలల తరబడి వాడుకలో ఉన్నా, మొత్తం ధర వాపసు ఇప్పించారు. మన వస్తువుల విక్రయ చట్టం 14వ సెక్షన్ పునాది కూడా అదే. అమ్మినవాడు దొరకాలి, అతని దగ్గర ఆస్తి ఉండాలి, అంతే. విదేశీ యజమానికి మాత్రం తొందర లేదు. కాలపరిమితి చట్టం 68వ అధికరణ ప్రకారం అతని మూడేళ్ల గడువు చోరీ రోజు నుంచి కాదు, కారు ఎవరి దగ్గరుందో తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది.