గుడారం వేసుకున్న దేవుడు



డిసెంబరు నెల వచ్చిందంటే మన వీధిలో ఏదో ఒక ఇంటి ముందు కాగితపు నక్షత్రం వెలుగుతుంది. పండుగనాడు ఆ ఇంటివారు పళ్ళెంలో కేకు ముక్కలూ కజ్జికాయలూ పెట్టి, పైన చేతిరుమాలు కప్పి, పిల్లలచేత పంపిస్తారు. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదని మనం గుప్పెడు పంచదారో, రెండు అరటిపళ్ళో పెట్టి ఇస్తాం. అంతటితో సరి. ఆ నక్షత్రం ఎందుకు కట్టారు, ఆ పండుగ లోపలి మాటేమిటి అని అడిగేవాళ్ళం తక్కువే. ఈవేళ ఆ మాట చెప్పుకుందాం. ఎక్కడో దూరదేశపు సంగతిగా కాదు, మన బీబీపేట దగ్గర నిలబడి చూస్తే కనిపించే సంగతిగానే.

క్రైస్తవుల నమ్మకం క్లుప్తంగా ఇది: లోకాన్ని చేసిన దేవుడు ఒకనాడు మనిషిగా పుట్టాడు. రాజభవనంలో కాదు, సత్రంలో చోటు దొరకని ఒక తల్లి కడుపున పుట్టి, పశువుల తొట్టిలో పడుకున్నాడు. పాలు తాగాడు, నడక నేర్చాడు, వడ్రంగం పని చేశాడు. ఆకలేసింది, ఏడ్చాడు, ఆఖరికి మరణం కూడా చవిచూశాడు. యోహాను సువార్తలో ఈ సంగతి చెప్పేచోట గ్రీకు మూలంలో ఉన్న క్రియకు 'గుడారం వేసుకున్నాడు' అని అర్థం. అంటే మన వాడలోకే వచ్చి, మన గుడిసెల పక్కనే ఒక గుడిసె వేసుకున్నాడన్నమాట.

"ఇందులో కొత్తేముందమ్మా, రాముడూ కృష్ణుడూ అలా పుట్టినవారే కదా" అని మీరనవచ్చు. నిజమే. అందుకే తెలుగు క్రైస్తవ కీర్తనల్లోకి అవతారమనే మాట సహజంగానే వచ్చి చేరింది. కాని ఒక తేడా ఉంది. మన పురాణాల్లో ధర్మం తగ్గినప్పుడల్లా భగవంతుడు వస్తూంటాడు. వారి లెక్కలో ఆ రాక ఒక్కసారే. అది పైపై వేషమూ కాదు. ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని తేల్చుకోవడానికి వారి పెద్దలకు నాలుగు శతాబ్దాలు పట్టింది. 325లో నైసియాలోనూ, 451లో కాల్సిడన్‌లోనూ ఇందుకోసం మహాసభలు జరిగాయి. ఆ రెండు చోట్లూ ఈనాటి టర్కీలో ఉన్నాయి.

మాట అక్కడితో ఆగలేదు. మనిషైన దేవుడు తిరిగి వెళ్ళాక, పరిశుద్ధాత్మగా మనుషుల్లోనే కాపురముంటాడని వారి విశ్వాసం. కొరింథు పట్టణం వారికి రాసిన ఉత్తరంలో పౌలు మనిషి దేహాన్నే దేవాలయమన్నాడు. ఇదీ మనకు మరీ కొత్త కాదు. బోనాల్లో అమ్మవారు ఒకరి ఒంటిమీదికి వచ్చి మాట చెప్పి వెళుతుంది. బతుకమ్మనాడు పసుపుముద్దలో గౌరమ్మను నిలుపుకుని, ఆడిపాడి, నీళ్ళలో సాగనంపుతాం. క్రైస్తవుల మాటలో ఈ సాగనంపడం లేదు. వచ్చినవాడు ఇంటివాడై ఉండిపోతాడు. అయితే ఎవరి ఇంట్లో? అసలు చరిత్ర ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

బీబీపేట ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది. 2016 వరకు నిజామాబాదు జిల్లాలోనిది. అక్కణ్నుంచి కామారెడ్డి చేరి, రామాయంపేట మీదుగా వెళితే మెదక్ వస్తుంది. అదే కామారెడ్డి నుంచి నిజామాబాదు దారి పడితే డిచ్‌పల్లి తగులుతుంది. ఈ రెండు ఊళ్ళలోనూ ఆ ప్రశ్నకు జవాబు వెతికినవారున్నారు.

మెదక్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు పాదిరి 1895లో సికింద్రాబాదుకు వచ్చి, తరవాత మెదక్‌లో స్థిరపడ్డారు. 1914లో మొదలైన ఈ కట్టడం 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో ఊరికే దానం చేయకుండా, ఈ కట్టడం మీద పని ఇచ్చి తిండి పెట్టారు. రాళ్ళు మోసినవారిలో మన ఆడవాళ్ళూ ఉన్నారు.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవులైనవారు ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి గుడి మెట్టెక్కే హక్కు లేనివారు, ఊరి బావిలో చేద వేయనివ్వనివారు. దేవుడు పశువుల పాకలో పుట్టాడన్న మాట వాళ్ళ చెవిన పడినప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. పశువులను కాచి, చచ్చిన పశువును మోసి, తోలు ఊనిన మనుషులు వాళ్ళు. ఆ పాక వాసన వాళ్ళకు కొత్త కాదు. తమను లోపలికి రానివ్వని దేవుణ్నే చూసినవారికి, తమ గడప తొక్కి లోపలికి వచ్చిన దేవుడి కథ అది. "గింజల కోసం మతం మారారు" అని తేలిగ్గా అనేస్తాం. ఆకలి తెలియని నోటితో ఆ మాట అనడం సులువే.

ఈ కథను పల్లెలకు మోసుకెళ్ళినవారిలో ఆడవాళ్ళను మరవకూడదు. పోస్నెట్ గారి సోదరి ఎమిలీ, ఆమెతో కలిసి పనిచేసిన సారా హారిస్, మెదక్‌లో మన తెలుగు స్త్రీలకు చదువు చెప్పి 'బైబిలు స్త్రీలు'గా తయారుచేశారు. అప్పటిదాకా అక్షరం ముఖం చూడని ఇల్లాళ్ళు పుస్తకం చంకన పెట్టుకుని ఊరూరా నడిచారు. మగవాళ్ళు వెళ్ళలేని వంటింటిదాకా వాళ్ళు వెళ్ళగలిగారు.

చర్చిలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసినవి. వాటిలో క్రీస్తు పుట్టుక కిటికీని 1947లో పెట్టారు. పగలు బయట నిలబడి చూస్తే నల్లని అద్దమే. లోపలికి వెళ్ళి చూడాలి, అప్పుడే తల్లీ బిడ్డా రంగుల్లో వెలుగుతూ కనిపిస్తారు. పశువుల పాకను బొమ్మగా నిలిపే ఈ ముచ్చట పాతదే. ఇటలీలో గ్రెచ్చో అనే పల్లెలో 1223లో ఫ్రాన్సిస్ అనే సాధువు నిజమైన ఎద్దును, గాడిదను నిలబెట్టి క్రిస్మస్ జరిపాడు. దేవుడి పేదరికాన్ని జనం కళ్ళారా చూడాలని ఆయన కోరిక. ఆ ఫ్రాన్సిసే, అంతకుముందు, ఎదురైన కుష్ఠురోగిని కావలించుకున్నాడని చెబుతారు.

అక్కణ్నుంచి డిచ్‌పల్లికి ఒక్క అడుగే. 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి హైదరాబాదు సంస్థానానికి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, కుష్ఠురోగుల కోసం డిచ్‌పల్లి ఆసుపత్రిని నెలకొల్పారు. అది 1915 నాటి మాట. దానికి విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. సొంత ఇంటివాళ్ళే ఊరవతల వదిలేసిన మనిషిని ఆమె చేత్తో తాకి, చాల్‌ముగ్రా నూనె సూదులు వేసి, కట్లు కట్టేవారు. ఈనాడు ఆ జబ్బు మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. అప్పుడు ఆ భరోసా లేదు. దేవుడు మనిషి దేహంలో ఉంటాడని నోటితో చెప్పడం వేరు, పుండుపడ్డ దేహంలోనూ ఉన్నాడని నమ్మి చెయ్యి చాచడం వేరు.

అలాగని అంతా సవ్యంగా జరిగిపోయిందని చెప్పలేను. దేవుడు అందరిలో ఉన్నాడని నేర్చుకున్న సంఘంలోనే మాల మాదిగ తేడాలు మిగిలాయి. మెదక్ ప్రాంతపు పల్లెల్లో తిరిగి పి.వై. లూక్, జాన్ కార్మన్ రాసిన పుస్తకం 1968లో వచ్చింది. అందులో ఈ తేడాల ప్రసక్తీ ఉంది, క్రైస్తవ కుటుంబాలు పాత పండుగలను వదలని సంగతీ ఉంది. దేవుడు గడప దాటి వచ్చినంత సులువుగా మనిషి గడప దాటలేడు కాబోలు!

ఇది వారి సంఘానికే పరిమితమైన లోపమా? మన వంటింట్లోకి ఒక్కసారి చూడండి. గూట్లో పనిమనిషికని విడిగా ఒక గ్లాసు ఉంటుంది. మన గిన్నెలన్నీ తోమే చెయ్యే ఆమెది. కాని మన గ్లాసులో మంచినీళ్ళు తాగకూడదు. గౌరమ్మ పసుపుముద్దలో ఉందని మనం నమ్ముతాం, ఆత్మ దేహంలో ఉందని పక్కింటివారు నమ్ముతారు. ఎవరి నమ్మకం ప్రకారం చూసినా ఆ గ్లాసుకు జవాబు దొరకదు.

ఈసారి పక్కింటినుంచి క్రిస్మస్ పళ్ళెం వచ్చినప్పుడు ఆమెనూ పిలవండి. అందరూ కూర్చుని తినండి. మంచినీళ్ళు మాత్రం అందరికీ ఒకే రకం గ్లాసుల్లో పోయండి. సెలవు.