పొగాకు: పాదుషాల హుకుంల నుండి నేటి చట్టాల దాకా

పొగాకు మన దేశంలో పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వారి ఓడల మీద మన రేవులకు చేరింది. అది వచ్చిన కొద్ది ఏళ్ళకే దాన్ని ఆపటానికి హుకుంలు కూడా వచ్చాయి. నాలుగు వందల ఏళ్ళ ఈ కథలో మన సమాజం నేర్చుకోవలసింది చాలా ఉందని మా అభిప్రాయం.

అక్బరు కొలువులోని అసద్ బేగ్ 1604-05 ప్రాంతంలో బీజాపూరు నుండి పొగాకును, రత్నాలు పొదిగిన హుక్కాను తెచ్చి పాదుషా ముందు పెట్టాడు. అక్బరు రెండు మూడు దమ్ములు లాగాడు. ఇది మన వైద్య గ్రంథాలలో లేని వస్తువు, దీని గుణం మనకు తెలియదు అని దర్బారు హకీం అడ్డు చెప్పాడు. అక్బరు మళ్ళీ దాన్ని ముట్టలేదు. కాని అమీర్లు మరిగారు, వర్తకులు అమ్మటం మొదలుపెట్టారు. ఇక అడ్డేముంది?

ఈ అలవాటు ప్రజల ఆరోగ్యానికి చేటు చేస్తున్నదని 1617లో జహంగీరు పొగాకు తాగరాదని ఆజ్ఞ ఇచ్చాడు. ఇరాన్‌లో షా అబ్బాస్ కూడా అలాంటి హుకుమే ఇచ్చాడు. అయితే జహంగీరు రాయబారిగా ఇరాన్ వెళ్ళిన ఖాన్ ఆలం హుక్కా లేనిదే ఉండలేడని తెలిసి, షా అబ్బాస్ అతనికి మాత్రం సెలవిచ్చాడు. ఈ సంగతి జహంగీరే తన తుజుక్‌లో రాసుకున్నాడు. పెద్దవాళ్ళకు సెలవు, పేదవాళ్ళకు హుకుం! ఇలాంటి ఆజ్ఞ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఉస్మానియా సుల్తాను నాలుగవ మురాద్ ఇంకా కఠినంగా ఉన్నాడు. 1633లో ఇస్తాంబుల్ నగరం పెద్ద అగ్నిప్రమాదంలో కాలిపోయాక కాఫీ దుకాణాలు మూయించాడు, పొగాకు తాగినవారికి మరణశిక్ష వేశాడు. అయినా సిపాయిలు చిన్న గొట్టాలు చొక్కా చేతుల్లో దాచుకొని తాగేవారట. ఆ కాలపు పండితుడు కాతిబ్ చలబీ 1656లో రాసిన గ్రంథంలో ఈ మాట చెప్పాడు. సుల్తాను పోయాక నిషేధం సడలిపోయింది. ఇంగ్లండులో మొదటి జేమ్సు రాజు 1604లో పొగాకును తిడుతూ పుస్తకమే రాసి, సుంకం ఎన్నో రెట్లు పెంచాడు. చివరకు ఆ సుంకం రుచి ఖజానాకు తగిలింది.

ప్రజలు తామే మానిన సందర్భం ఒకటుంది. 1890లో ఇరాన్ షా పొగాకు వ్యాపారం మొత్తం ఒక ఆంగ్లేయుడికి కట్టబెట్టాడు. 1891 డిసెంబరులో మీర్జా హసన్ షీరాజీ పేరున ఫత్వా వెలువడగానే దేశమంతా హుక్కాలు పక్కన పెట్టింది. 1892 జనవరిలో ఆ గుత్త రద్దయింది. అది ఆరోగ్యం కోసం జరిగింది కాదు, విదేశీ పెత్తనం మీద పోరాటం. అయినా మనసుకు పట్టిన మాటకున్న బలం కత్తికి లేదని దాన్నిబట్టి తెలుస్తున్నది.

హకీంకు తెలియని గుణం 1950లో బయటపడింది. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని ఇంగ్లండులో డాల్, హిల్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. 1964లో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక దాన్ని ఖాయం చేసింది. మన దేశంలో 1975 చట్టం సిగరెట్టు పెట్టెల మీద హెచ్చరిక ముద్రించాలన్నది. బీడీ, జర్దా దాని కిందికి రాలేదు. 1999లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగటాన్ని అడ్డుకున్నాయి. 2003 చట్టం అన్ని రకాల పొగాకునూ కలుపుకొన్నది. ప్రకటనలు ఆపింది, 18 ఏళ్ళలోపు వారికి అమ్మరాదన్నది, బడికి 100 గజాల లోపల దుకాణం ఉండరాదన్నది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలాల నిషేధం దేశమంతటా గట్టిపడింది, 200 రూపాయల వరకు జరిమానా పెట్టారు. 2016 నుండి పెట్టె మీద 85 శాతం భాగంలో హెచ్చరిక బొమ్మ వచ్చింది. ఫలితం? 2009-10 సర్వేలో పెద్దవారిలో 34.6 శాతం మంది పొగాకు వాడుతుంటే, 2016-17లో 28.6 శాతం మంది వాడుతున్నారు. మరణశిక్ష చేయలేని పని కొంతవరకు బొమ్మ, జరిమానా, ప్రకటనల నిషేధం కలిసి చేశాయన్న మాట.

కాని ఒక లోటున్నది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు సిగరెట్టు మీద పడిన సెస్సు బీడీ మీద పడలేదు. పేదవాడు తాగేది బీడీయే. బీడీ మీద చెయ్యి వేయబోతే, దాన్ని చుట్టే ఆడపడుచుల కూడు ఏమవుతుందని అడుగుతారు. ఆ ప్రశ్న అబద్ధం కాదు. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల్లో ఎన్నో ఇండ్లు, అందులో మన ఇండ్లు కూడా, తునికాకు మీదే నడుస్తున్నవి. వారి కోసం 1966లో పని పరిస్థితుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. అయితే ఆ పొడి మధ్య దినమంతా కూర్చునే తల్లికి వేరే పని నేర్పించనిదే ఏ పన్నూ న్యాయం అనిపించుకోదు.

కాబట్టి సంఘం పెద్దలకు మా మనవి రెండు మాటలు. బడి దగ్గర పొగాకు అమ్మే దుకాణం కనబడితే చట్టం మన పక్షాన ఉన్నది, అడగండి. బీడీ చుట్టే ఇంటి ఆడపిల్ల చదువు మధ్యలో ఆగకుండా చూడండి. మొదటిది సర్కారు చట్టంతో అయ్యే పని. రెండవది మనం చేయాలి.