పట్టు మార్గమున నడచిన సువార్త

ప్రకటన గ్రంథము 18వ అధ్యాయములో బబులోను వర్తకుల సరుకుల పట్టిక ఒకటి ఉన్నది. బంగారము, వెండి, ముత్యములు, సన్నపు నారబట్టలు, వాటితోపాటు పట్టుబట్టలు అందులో కలవు. మనము ఆ మాట చదివి ముందుకు సాగిపోవుదుము. కాని ఆ పట్టు ఎక్కడిది? అపొస్తలుల కాలమున రోమా సామ్రాజ్యములో పట్టుపురుగుల పెంపకము ఎవరికిని తెలియదు. ఆ పట్టు ముఖ్యముగా చీనా దేశమునుండి రావలసినదే. అది వచ్చిన దారిని, ఆ దారినే తరువాత తూర్పునకు వెళ్లిన సువార్తను గూర్చి మనము కొంత తెలిసికొందము.

పట్టు మార్గమను పేరు ప్రాచీనులు పెట్టినది కాదు. జర్మను భూగోళ శాస్త్రజ్ఞుడు రిష్ట్‌హోఫెన్ 1877లో దీనిని ప్రచారములోనికి తెచ్చెను. నిజమునకు అది ఒక్క దారి కాదు, అనేక దారుల అల్లిక. చీనా రాజధాని చాంగాన్ నుండి, అనగా నేటి షియాన్ నగరమునుండి బయలుదేరి, దున్‌హువాంగ్ దాటి, తక్లమకాన్ ఎడారికి ఉత్తరముగా ఒకటి, దక్షిణముగా ఒకటి చీలి, కాష్గర్ వద్ద కలిసికొని, పామీరు కొండలెక్కి, సమర్కండ్, మెర్వ్ పట్టణముల మీదుగా పారసీక దేశమునకును, అచ్చటనుండి సిరియాలోని అంతియొకయకును చేరుచుండెను. ఇంత దూరమును ఒకే వర్తకుడు నడచుట అరుదు. సరుకు మజిలీ మజిలీకి చేతులు మారుచు పోయెడిది.

క్రీ.పూ. 138లో హాన్ చక్రవర్తి వూ తన రాయబారి జాంగ్ చియాన్‌ను పడమటికి పంపెను. అతడు శత్రువుల చేత చిక్కి సుమారు పది సంవత్సరములు బందీగా ఉండి, తప్పించుకొని బాక్ట్రియాకు, అనగా నేటి ఉత్తర ఆఫ్ఘనిస్తాన్‌కు చేరెను. అక్కడి సంతలో తన దేశపు సిచువాన్ ప్రాంతమున చేసిన వెదురు కర్రలు, వస్త్రములు అమ్ముచుండుట చూచి ఆశ్చర్యపడెను. అవి హిందూదేశము మీదుగా వచ్చినవని అక్కడివారు చెప్పిరి. రాజుల రాయబారులకంటె ముందుగానే వర్తకులు దారి వేసియుండిరన్నమాట.

ఆ వర్తకులలో ముఖ్యులు సమర్కండ్ ప్రాంతపు సొగ్డియనులు. 1907లో ఆరెల్ స్టైన్ దున్‌హువాంగ్ సమీపమున ఒక పాడుబడిన కావలి బురుజులో వారి ఉత్తరములను కనుగొనెను. అవి సుమారు 313వ సంవత్సరపువి. వాటిలో రెండు, భర్త విడిచిపోగా కుమార్తెతో దున్‌హువాంగ్‌లో మూడేండ్లు చిక్కుబడిన మీవ్‌నై అను స్త్రీ వ్రాయించినవి. బంధువులెవరును ఆమెకు సహాయము చేయలేదు. గుడి పూజారి ఒకడు మాత్రము ఒంటెను, తోడుగా ఒక మనుష్యుని ఇత్తునని మాట ఇచ్చెను. ఆ ఉత్తరములు గమ్యము చేరనేలేదు. పట్టు మార్గము ధనము తెచ్చిన దారియే గాని, కన్నీరు కార్చిన దారి కూడ.

సరుకుతోపాటు విద్యలును, మతములును నడచినవి. కాగితము చేయు విద్య చీనానుండి సమర్కండ్, బాగ్దాదుల మీదుగా పడమటికి పోయి ఐరోపాకు చేరెను. బౌద్ధమతము హిందూదేశమునుండి మధ్య ఆసియా మీదుగా చీనాకు వెళ్లెను. ఎడారి అంచున కూచా పట్టణములో పుట్టిన కుమారజీవుడు 401లో చాంగాన్ చేరి, బౌద్ధ గ్రంథములను చక్కని చీనా భాషలోనికి తర్జుమా చేసెను. ఆయన పని నేటికిని నిలిచియున్నది.

ఇక సువార్త మాటకు వత్తము. ఇతరులు నెస్టోరియను సంఘమని పిలిచిన తూర్పు సంఘము పారసీక సామ్రాజ్యములో వేరుదన్నెను. దాని ఆరాధన సురియాని భాషలో, అనగా మన ప్రభువు మాటలాడిన అరామిక్ కుటుంబపు భాషలో జరుగుచుండెను. ఈ సంఘపు బోధకుడైన ఆలోపెన్ 635లో గ్రంథములు పట్టుకొని చాంగాన్ చేరెను. తైజుంగ్ చక్రవర్తి మంత్రి ఫాంగ్ షువాన్‌లింగ్ పట్టణపు పడమటి శివారుకు ఎదురేగి ఆయనను తోడుకొనివచ్చెను. గ్రంథములు రాజగ్రంథాలయమున తర్జుమా చేయబడెను. 638లో బోధించుటకు రాజాజ్ఞ దొరకెను, 21 మంది సన్యాసులతో ఒక మఠము వెలసెను.

ఆ 635లో, చీనా బౌద్ధ యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ హిందూదేశములో చదువుకొనుచుండెను. ఆయన మన ఆంధ్రదేశమునకును వచ్చి, ధాన్యకటకములోని విహారములను చూచిన సంగతి మనకు తెలిసినదే. 645లో ఆయన చాంగాన్‌కు మరలి వచ్చినప్పుడు, స్వాగతము ఏర్పాటు చేసినవాడు ఆ ఫాంగ్ షువాన్‌లింగ్ మంత్రియే! ఒకే దారి, ఒకే పట్టణము, ఒకే మంత్రి. పది సంవత్సరముల ఎడమున రెండు మతముల గ్రంథములకు ద్వారము తెరవబడెను.

ఈ సంగతులు మనకు తెలిపినది 781లో నిలిపిన ఒక శిలాశాసనము. నేడది షియాన్ నగరపు ప్రదర్శనశాలలో ఉన్నది. దాని శిఖరమున తామరపువ్వు మీద లేచిన సిలువ చెక్కబడినది. క్రింద చీనా అక్షరములు, వాటి ప్రక్కన సురియాని లిపిలో సుమారు 70 మంది సేవకుల పేర్లు. రచించినవాడు ఆదాము అను గురువు. అతని చీనా పేరు జింగ్‌జింగ్. కట్నమిచ్చి నిలిపిన యజ్‌ద్‌బోజీద్ అనువాని తండ్రి బాల్ఖ్ పట్టణపు గురువు. శాసనము హనానీషో పాత్రియార్కు దినములలో నిలిపినట్లు వ్రాయబడినది గాని, ఆయన అప్పటికే బాగ్దాదులో ప్రభువునందు నిద్రించెను. ఆ వార్త ఇంకను చాంగాన్ చేరలేదు. వారి దూరము అట్టిది. ఒక విధముగా ఆ రాయి నేటి మన శతవార్షిక సంచికవంటిదే. దాతల పేర్లు, సేవకుల పేర్లు, నూట నలుబదియారు ఏండ్ల చరిత్ర అందులో ఉన్నవి.

ఆ ఆదాము మరియొక పని చేసెను. ప్రజ్ఞుడను బౌద్ధ భిక్షువుతో కూడి ఒక బౌద్ధ సూత్రమును తర్జుమా చేసెను. ప్రజ్ఞునికి చీనా భాష సరిగా రాదు, ఆదామునకు సంస్కృతము రాదు. చక్రవర్తి ఆ తర్జుమాను అంగీకరింపలేదు. అయినను వేరు వేరు మతముల ఇద్దరు పెద్దలు ఒకే బల్ల యొద్ద కూర్చుండి పదము పదమునకు అర్థము వెదకుట చిన్న సంగతి కాదు.

845లో కాలము తిరిగెను. వూజుంగ్ చక్రవర్తి అన్యదేశ మతములను అణచివేసెను. 4,600 బౌద్ధ మఠములు మూయబడెను, 2,60,500 మంది భిక్షువులు, భిక్షుణులు గృహస్థులుగా చేయబడిరి. క్రైస్తవ సన్యాసులును ఆ ఆజ్ఞ క్రిందనే వెళ్లగొట్టబడిరి. బౌద్ధమతము అప్పటికే పల్లె పల్లెలో వేరుదన్నియుండెను గనుక మరల చిగిర్చెను. క్రైస్తవ సంఘము మాత్రము చిగురింపలేదు. పదియవ శతాబ్దము చివర చీనానుండి బాగ్దాదుకు తిరిగివచ్చిన సన్యాసి ఒకడు, అక్కడ సంఘము నశించినదని చెప్పెను.

అయితే అంతయు నశించెనా? 1900లో దున్‌హువాంగ్ బౌద్ధ గుహలలో మూసివేయబడిన ఒక గది బయటపడెను. అందులో వేలాది వ్రాతప్రతులు ఉండెను. 1908లో ఫ్రెంచి పండితుడు పెలియో వాటిలో ఒక క్రైస్తవ స్తోత్రమును కనుగొనెను. అది మనము ఆరాధనలో పాడు గ్లోరియా అను మహిమ స్తోత్రమునకు చీనా రూపము! బౌద్ధుల గుహ ఆ క్రైస్తవుల పాటను తొమ్మిది వందల ఏండ్లు కాపాడెను. దానితో కూడ దొరికిన గ్రంథముల పట్టికలో, సంఘమునకు 530 గ్రంథములు ఉండెననియు, ఆదాము 30 గ్రంథములను తర్జుమా చేసెననియు, తక్కినవి తర్జుమా కాలేదనియు ఉన్నది.

ఈ లెక్క మన హృదయములను తట్టవలెను. రాజు ఇచ్చిన ఆజ్ఞను మరియొక రాజు తీసివేసెను. మఠములు పడిపోయెను. నిలిచినది రాతిమీద చెక్కినదియు, ఆ దేశపు ప్రజల భాషలోనికి వచ్చి కాగితమునెక్కినదియు మాత్రమే. నూరేండ్లు నిండిన సంఘము తన మందిరములను, తన పెద్దల పేర్లను లెక్కించుకొనుట న్యాయమే. దానితోపాటు మన పొరుగువాని భాషలో, అతడు తన ఇంట దాచుకొనదగినది ఏమి ఇచ్చితిమో కూడ లెక్కించుకొందము.